లేదు అనడానికి ఓ అర్హత

ఉన్నదాన్ని ఉందని చెప్పడం పెద్ద కష్టం కాదు. ఒక్కసారి కంటబడితే చాలు, సాక్ష్యం దొరికినట్టే. లేనిదాన్ని లేదని చెప్పడమే కష్టం. దానికి ఓపిక కావాలి, ఖర్చూ కావాలి. అన్నిటికీ మించి మన చూపు మీద మనకే కాస్త అనుమానం ఉండాలి. ఈ సంగతి నాకు తెలిసింది ఏ పురాణ కాలక్షేపంలోనో కాదు. ఫ్లో సైటోమీటర్ అనే యంత్రం ముందు కూర్చుని, నెత్తుటిలోని రోగనిరోధక కణాల మీద ఏ రిసెప్టర్ ఉందో, ఏది లేదో చూసి చెప్పే కొలువులో తెలిసింది.

మా దగ్గరికి వచ్చే ప్రశ్నలన్నీ ‘ఉందా, లేదా’ అన్న రకమే. ఈ ల్యూకేమియా కణం మీద సీడీ19 అనే రిసెప్టర్ ఉందా? ఆ టీ కణం మీద సీడీ3 ఉందా? ఉంటే ఒక వైద్యం, లేకపోతే మరొకటి. ప్రశ్న రెండు ముక్కల్లో ఉంది కాబట్టి జవాబూ రెండు ముక్కల్లో తేలిపోతుందని అడిగేవాళ్లు అనుకుంటారు. ‘ఉంది’ వరకూ పరవాలేదు. చిక్కంతా ‘లేదు’ దగ్గరే.

చేసే పని చూడ్డానికి చాలా చిన్నది. ఊదారంగు మూత ట్యూబులో వచ్చిన నెత్తురులోంచి వంద మైక్రోలీటర్లు, అంటే ఓ రెండు చుక్కలు తీస్తాం. రంగు అతికించిన యాంటీబాడీని అందులో వేసి, కలిపి, చీకట్లో పావుగంట ఉంచుతాం. ఈ రంగులకు వెలుతురు గిట్టదు. అందుకే మా బల్ల మీది ట్యూబుల స్టాండుకు ఎప్పుడూ అల్యూమినియం ఫాయిల్ కప్పి ఉంటుంది. ఆ తర్వాత ఎర్రకణాలను పగలగొట్టే ద్రావణం పోస్తాం. అప్పటిదాకా అటువైపున్న వేలు కనపడనంత చిక్కగా ఉన్న ట్యూబు, చూస్తూ ఉండగానే తేటబడి అవతలి గోడ మీది గడియారం కనిపిస్తుంది. ఎర్రకణాలు పోయాయి, తెల్లకణాలు మిగిలాయి. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పైనీరు వంపేసి, కడిగి యంత్రానికి పెడతాం.

యంత్రం ఆ కణాలను ఉప్పునీటి ధార మధ్యలో ఒకదాని వెనక ఒకటిగా వరస కట్టించి లేజరు ముందు నుంచి పంపుతుంది. సెకనుకు వేల కణాలు వెళ్లిపోతాయి. వెళ్తున్న ఒక్కో కణం దగ్గరా యంత్రం ఆరా తీస్తుంది. కాంతి ముందుకు ఎంత చెదిరిందన్నదాన్ని బట్టి కణం సైజు, పక్కకు ఎంత చెదిరిందన్నదాన్ని బట్టి లోపలి గుళికల సంగతి తెలుస్తాయి. యాంటీబాడీ అంటుకుని ఉంటే దాని రంగు కూడా వెలుగుతుంది. 488 నానోమీటర్ల నీలి లేజరు తగిలితే ఫ్లోరెసిన్ పచ్చగా వెలుగుతుంది. ఎర్రనాచు నుంచి తీసిన ఫైకోఎరిత్రిన్ నారింజ రంగులో వెలుగుతుంది. తెర మీద ఒక్కో కణం ఒక్కో చుక్కగా పడుతుంది. అడ్డంగా సీడీ4, నిలువుగా సీడీ8 పెట్టామనుకోండి. ఓ గుంపు కుడివైపు కింద పోగవుతుంది, మరో గుంపు ఎడమవైపు పైన. రెండూ లేని కణాలు ఎడమవైపు కింద మూలన చేరతాయి. ఈ వ్యాసమంతా ఆ మూల గురించే.

ఇందులో ఓ తిరకాసు ఉంది. రిసెప్టర్‌ను మేమెవరమూ చూడటం లేదు. చూస్తున్నది రంగును. ఆ రంగు యాంటీబాడీకి అతుక్కునే ఉందని ఒక నమ్మకం. ఆ యాంటీబాడీ మేమనుకున్న రిసెప్టర్‌నే పట్టుకుందని మరో నమ్మకం. యాంటీబాడీ పొడవు పది నానోమీటర్ల దరిదాపు, కణం దానికన్నా వెయ్యి రెట్ల దాకా పెద్దది. వెలుగు వచ్చిందంటే ఈ రెండు నమ్మకాలూ నిలబడ్డాయని సర్దిచెప్పుకోవచ్చు. వెలుగు రాలేదంటే మాత్రం ఏది తెగిందో తెర చెప్పదు. రిసెప్టర్ లేకపోవచ్చు. రిసెప్టర్ ఉండి యాంటీబాడీ పట్టుకోలేకపోయి ఉండవచ్చు. రెండూ సరిగ్గా ఉండి, రంగు వెలుతురు తగిలి చచ్చిపోయి ఉండవచ్చు. అన్నిటికీ అదే మూల, అవే చుక్కలు.

లేకపోవడం గురించి మనవాళ్లు ఎప్పుడో గట్టిగా ఆలోచించారు. అన్నంభట్టు మన తెలుగువాడేనని పండితులు చెబుతారు. ఆయన ‘తర్కసంగ్రహం’లో ప్రపంచంలోని పదార్థాలను ఏడుగా లెక్కించి, అభావాన్ని ఏడో పదార్థంగా కూర్చోబెట్టాడు. లేకపోవడం కూడా తెలుసుకోదగ్గ సంగతేనన్న మాట. పైగా అది ఒకే రకం కాదు, నాలుగు రకాలు. కుండ ఇంకా తయారు కాకముందు ఉండే లేమి ప్రాగభావం. కుండ పగిలాక మిగిలే లేమి ప్రధ్వంసాభావం. ఈ నేల మీద కుండ అన్నదే లేకపోవడం అత్యంతాభావం. కుండ బట్ట కాదు, బట్ట కుండ కాదు అనడం అన్యోన్యాభావం. మొదటిసారి చదివినప్పుడు ఈ విభజన పండితులు పొద్దుపోక చేసిన పనిలా అనిపించింది. ఫ్లో ముందు కూర్చున్నాక ఆ నాలుగూ ఒక్కొక్కటిగా ఎదురొచ్చాయి.

ముందు కుమారిల భట్టు అనుచరులైన మీమాంసకుల మాట ఒకటి చెప్పాలి. కుండ లేదని ఎలా తెలుస్తుంది? కనపడకపోవడం వల్ల. దాన్ని వాళ్లు అనుపలబ్ధి అనే ప్రత్యేక ప్రమాణంగా ఒప్పుకున్నారు, అద్వైతులూ వాళ్లతో కలిశారు. నైయాయికులు ప్రత్యేక ప్రమాణం అక్కర్లేదని వాదించారు. ఎంత కొట్టుకున్నా ఇద్దరూ ఒక షరతు దగ్గర కలిశారు. ఉండి ఉంటే తప్పక కనపడాల్సిన వస్తువు కనపడకపోతేనే లేదనాలి. పట్టపగలు ఖాళీ నేల మీద కుండ కనపడకపోతే లేదనొచ్చు. చీకటి గదిలో కనపడకపోతే అనకూడదు. పిశాచం సంగతైతే పట్టపగలు కనపడకపోయినా అనడానికి లేదు, ఎందుకంటే అది ఉన్నా కనపడే సరుకు కాదు. ఈ యోగ్యత అన్న షరతును మా ల్యాబ్ భాషలో పాజిటివ్ కంట్రోల్ అంటాం. ఉన్నచోట ఉందని ముందు చూపించాలి, ఆ తర్వాతే లేనిచోట లేదనాలి.

ఇంతకీ ఈ యాంటీబాడీలతో చూడటం ఎలా మొదలైందో రెండు మాటలు. యాంటీబాడీకి వెలుగునిచ్చే రంగు అతికించవచ్చని 1941లో హార్వర్డ్‌లో ఆల్బర్ట్ కూన్స్ చూపించాడు. కానీ అప్పట్లో యాంటీబాడీ అంటే ఏ కుందేలుకో సూది వేసి తీసిన సీరమే. అందులో వందల రకాలు కలగాపులగం. ఒక కుందేలు సీరంతో కనపడింది మరో కుందేలు సీరంతో అలాగే కనపడుతుందన్న పూచీ లేదు. 1975లో కేంబ్రిడ్జ్‌లో జార్జ్ కోలర్, సెసార్ మిల్‌స్టైన్ ఆ గొడవ తీర్చారు. ఎలుక ప్లీహంలోని యాంటీబాడీ కణాన్ని, చావన్నది ఎరగని క్యాన్సర్ కణంతో కలిపేసి, ఒకే ఒక్క రకం యాంటీబాడీని ఎంతకాలమైనా చేసిపెట్టే కణాలను పుట్టించారు. 1984లో నోబెల్ వచ్చింది. ఆ జంటకణానికి హైబ్రిడోమా అని పేరు పెట్టిన ఘనత లెన్ హెర్జెన్‌బర్గ్‌దని చెబుతారు. స్టాన్‌ఫర్డ్‌లో ఆయనే మైక్రోస్కోపులో వెలిగే కణాలను కళ్లు కాయలు కాసేలా లెక్కపెట్టలేక, లాస్ అలమాస్‌లో మాక్ ఫుల్‌వైలర్ 1965లో ప్రకటించిన కణాలను వేరుచేసే యంత్రాన్ని ఆధారం చేసుకుని, రంగు వెలుగును పట్టే యంత్రం తయారు చేయించాడు. ఒకవైపు ఒకే మాట మీద నిలబడే యాంటీబాడీ, మరోవైపు అలసట లేని కన్ను. ఆ రెండూ కలిశాకే మా కొలువు పుట్టింది.

యాంటీబాడీలు చేయడం తేలికయ్యేసరికి ప్రతి ల్యాబ్ తన యాంటీబాడీకి తనకు తోచిన పేరు పెట్టుకుంది. ఒకరు ఓకేటీ4 అన్నది, మరొకరు లూ3 అన్నది ఒకే అణువని తేల్చడానికి 1982లో పారిస్‌లో కూర్చుని, ఒకే రకంగా ప్రవర్తించే యాంటీబాడీలను గుంపులు కట్టి గుంపుకో నంబరిచ్చారు. సీడీ4, సీడీ8 అనే నంబర్లు అక్కడివే. అంటే ఆ అణువు ఏ పని చేస్తుందో పూర్తిగా తెలియకముందే, దాన్ని చూడగలిగిన యాంటీబాడీల గుంపును బట్టి పేరు స్థిరపడిపోయింది. ఈ సంగతి కొత్తగా చేరిన ప్రతి విద్యార్థికీ చెబుతాను. మనం సీడీ4 అంటున్నది ముందుగా ఓ చూపు పేరు, వస్తువు పేరు తర్వాత.

ఓ రోజు మా పరిశోధక విద్యార్థిని ఎలుక ట్యూమర్ నుంచి తీసిన కణాలను ఫ్లోలో పెట్టి, ప్లాటు పట్టుకుని పరుగున వచ్చింది. మొహం వెలిగిపోతోంది.

“మేడమ్, ట్యూమర్లో సీడీ4 కణాలు అస్సలు లేవండీ!”

“లేవా, కనపడలేదా?”

“రెండూ ఒకటే కదండీ.”

“ట్యూమర్ ముక్కల్ని దేంతో కరిగించావమ్మా?”

“డిస్పేస్‌తో మేడమ్. అందరూ దాంతోనే చేస్తారు కదా.”

నెత్తురైతే కణాలు విడివిడిగానే ఉంటాయి. కండ, ట్యూమర్ లాంటివాటిలో కణాలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. ఆ పట్టు విడిపించడానికి మాంసకృత్తులను కోసే ఎంజైములు వాడక తప్పదు. ఎంజైముకు ఈ పట్టు వేరు, ఆ రిసెప్టర్ వేరు అన్న తేడా తెలియదు. డిస్పేస్ ఎలుక సీడీ4నీ, సీడీ8నీ కణం మీద నుంచి కోసేయగలదు. కణం ఉంటుంది, దాని ఒంటి మీది గుర్తు పోతుంది. ఇది అచ్చంగా ప్రధ్వంసాభావం. కుండ ఉండేది, మనమే పగలగొట్టి లేదంటున్నాం.

ఆ అమ్మాయి చేయాల్సింది సులువైన పని. అదే రకం ఎలుక ప్లీహం తీసుకోవాలి. ప్లీహాన్ని జల్లెడ మీద నలిపితే చాలు, ఎంజైము లేకుండానే కణాలు విడిపోతాయి, వాటిలో సీడీ4 కణాలు బోలెడు ఉంటాయి. ఆ కణాలను రెండు భాగాలు చేసి, సగాన్ని ట్యూమర్‌ను నానబెట్టినంతసేపూ అదే డిస్పేస్‌లో నానబెట్టి, మిగతా సగాన్ని ఉత్త ద్రావణంలో ఉంచి, రెండింటికీ ఒకే యాంటీబాడీ వేయాలి. డిస్పేస్ తగలని సగంలో సీడీ4 గుంపు నిండుగా కనపడి, తగిలిన సగంలో మాయమైతే ట్యూమర్ గురించి మనకేమీ తెలియనట్టే. రెండు సగాల్లోనూ ఒకేలా ఉంటే అప్పుడు ట్యూమర్ వైపు తిరిగి ‘లేదు’ అనవచ్చు. అమ్మాయి ప్లాటు మడిచి, ఇంకో ఎలుక కోసం వెళ్లింది. మా ల్యాబ్‌లో ఎక్కువ సమయం ఇలాంటి సగాలకే పోతుంది. బయటివాళ్లకు అది వృథాగా కనిపిస్తుంది.

ఇక పగలకపోయినా కనపడని కుండ సంగతి. 1980ల మొదట్లోనే ఓ వింత బయటపడింది. కొందరి నెత్తుటికి ఓకేటీ4 యాంటీబాడీ వేస్తే సీడీ4 కణం ఒక్కటీ కనపడలేదు. మనుషులు మాత్రం నిక్షేపంగా ఉన్నారు. అదే నెత్తుటికి సీడీ4నే పట్టే వేరే యాంటీబాడీ వేస్తే కణాలన్నీ యథాస్థానంలో వెలిగాయి. వాళ్ల సీడీ4లో పుట్టుకతో వచ్చిన చిన్న మార్పు ఉంది. సరిగ్గా ఓకేటీ4 పట్టుకునే చోటే ఆ మార్పు జరిగింది. రిసెప్టర్ పని చేస్తోంది, దాన్ని పట్టే చేతికి మాత్రం పట్టు దొరకలేదు. యాంటీబాడీ ఏనాడూ మొత్తం రిసెప్టర్‌ను చూడదు, దాని మీద కొద్దిపాటి చోటును మాత్రమే తడుముతుంది. ఆ చోటు మారితే అంతా లేనట్టే.

సీడీ4 కౌంట్లు చేసే ల్యాబుల్లో దీనికో మంచి కట్టుదిట్టం ఉంది. టీ కణాలన్నిటి మీదా సీడీ3 ఉంటుంది. వాటిలో అత్యధిక భాగం సీడీ4వో, సీడీ8వో అయి ఉంటాయి. కాబట్టి సీడీ4 శాతాన్నీ సీడీ8 శాతాన్నీ కూడితే, కొద్ది తేడాతో సీడీ3 శాతం రావాలి. సీడీ3 72 శాతం, సీడీ8 28 శాతం, సీడీ4 సున్నా అని వచ్చిందనుకోండి. మిగతా 44 శాతం టీ కణాలు ఏ గాలికి పోయాయి? కణాలు ఉన్నాయి, వాటి గుర్తే కనపడలేదు. కాగితం మీద చేసే ఈ చిన్న కూడిక ఎంత ఖరీదైన యంత్రమూ తనంతట తాను చెప్పని నిజాన్ని చెబుతుంది.

ఎయిడ్స్ కథలో ఈ లెక్కకు ఎంత విలువుందో గుర్తుచేసుకోవాలి. 1981 జూన్‌లో లాస్ ఏంజెలెస్‌లో ఐదుగురు యువకులకు అరుదైన న్యుమోనియా వచ్చిందని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం ప్రకటించింది. ఆ ఏడాది చివర అచ్చయిన పరిశోధనల్లో అలాంటి రోగుల నెత్తుటిలో సహాయక టీ కణాలు, అంటే సీడీ4 కణాలు, దాదాపు లేవని తేలింది. ఆ మాట చెప్పగలిగిన యాంటీబాడీలు అప్పటికి మార్కెట్లోకి వచ్చి ఎంతో కాలం కాలేదు. ఇంకొన్నేళ్లు ముందు ఆ జబ్బు వచ్చి ఉంటే లింఫోసైట్లు తగ్గాయని మాత్రమే తెలిసేది, ఏవి తగ్గాయో తెలిసేది కాదు. 1984లో లండన్, పారిస్ బృందాలు మరో అడుగు వేశాయి. సీడీ4 మీద యాంటీబాడీని ముందే కూర్చోబెడితే ఎయిడ్స్ వైరస్ కణంలోకి దూరలేకపోయింది. వైరస్ పట్టుకునే రిసెప్టర్ సీడీ4 అని అలా తెలిసింది. అంతవరకూ గుర్తుపట్టడానికి వాడిన యాంటీబాడీయే ఆ పని కూడా చేసిపెట్టింది.

మన ఊళ్లలో ఈ లెక్క ఇంటింటి మాటగా కూడా మారింది. 2004 ఏప్రిల్ 1న దేశంలో ఎయిడ్స్ వైరస్ సోకినవాళ్లకు ఉచిత ఏఆర్‌టీ మందులు మొదలైనప్పుడు ముందుగా ఎంచుకున్న ఆరు రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. మందు మొదలుపెట్టాలా, ఇంకా ఆగాలా అన్నది చాలామందికి సీడీ4 కౌంటే తేల్చేది. మొదట 200 లోపు ఉంటేనే మందన్నారు, తర్వాత 350 అన్నారు, ఆపైన 500 అన్నారు. 2017 నుంచి కౌంటుతో నిమిత్తం లేకుండా అందరికీ ఇస్తున్నారు. ఆ నడుమ ఏళ్లలో ఏఆర్‌టీ సెంటర్ల వరండాల్లో ‘కౌంటెంతొచ్చింది వదినా?’ ‘రెండొందల పదంట’ అన్న మాటలు వినపడేవి. బడి మొహం చూడనివాళ్లు కూడా సీడీ ఫోర్ అనే మాటను తడబడకుండా పలికేవాళ్లు. 190కీ 210కీ మధ్య ఓ మనిషికి మందు దొరకడమో, దొరకకపోవడమో ఉండేది. ట్యూబు ఎండలో ఉండిపోయినా, నమూనా చేరడం ఆలస్యమైనా ఆ తేడా రావచ్చు. మేం కంట్రోళ్లంటూ చాదస్తం పడేది అందుకే.

ప్రాగభావానికి మా దగ్గర మంచి ఉదాహరణ పిల్లల్లో వచ్చే టీ కణ ల్యూకేమియా. టీ కణమని గుర్తుపట్టేది సీడీ3తో. కానీ ఈ జబ్బులో కణం ఎదగకుండా మధ్యలోనే ఆగిపోతుంది, చాలాసార్లు సీడీ3ని ఇంకా పైకి తెచ్చుకోదు. పైపైన రంగు వేసి చూస్తే సీడీ3 లేదనే వస్తుంది. కణం పొరకు సన్నని చిల్లులు పడేలా చేసి, యాంటీబాడీని లోపలికి పంపి చూస్తే సీడీ3 లోపలే ఉంటుంది. అక్కడ దొరికితే అది టీ కణ వంశమేనని తీర్పు చెప్పవచ్చు. పైన లేదు, లోపల ఉంది అన్న ఆ రెండు మాటలూ కలిపితేనే రోగ నిర్ధారణ అవుతుంది.

సీడీ3ది ఇంకా రాని బాధ. సీటీఎల్ఏ4 అనే రిసెప్టర్‌ది మరో తీరు. టీ కణానికి కళ్లెం వేసే అణువది. దాన్ని అడ్డుకుని క్యాన్సర్‌కు మందు చేయవచ్చని చూపించినందుకే జేమ్స్ ఆలిసన్‌కు 2018లో నోబెల్‌లో వాటా దక్కింది. అంత పేరున్న అణువు ఎక్కువ కాలం కణం లోపలి సంచుల్లోనే గడుపుతుంది, కాసేపు పైకి వచ్చి మళ్లీ లోపలికి పోతుంది. మంచు మీద ఉంచిన కణానికి పైపైన యాంటీబాడీ వేస్తే అది కనపడేది అంతంతమాత్రం. అందుకే కణాన్ని ఒంటి వేడి దగ్గరే ఉంచి, వచ్చీపోయే అణువులన్నీ యాంటీబాడీకి తగిలేలా చూస్తారు, లేదా లోపలికే రంగు వేస్తారు. ఏ క్షణాన చూశామన్నది కూడా జవాబులో భాగమే.

ఇంతసేపూ ఉన్నది కనపడకపోవడం గురించే చెప్పాను. లేనిది కనపడటం కూడా ఉంది. యాంటీబాడీకి పట్టే చేతులు రెండుంటాయి, వెనక ఓ తోక ఉంటుంది. మోనోసైట్లు, మాక్రోఫేజ్‌ల మీద ఆ తోకను పట్టుకునే రిసెప్టర్లు పుట్టుకతోనే ఉంటాయి. మేం చేతులతో ఒకదాన్ని పట్టుకోమని పంపితే, ఆ కణాలు యాంటీబాడీని తోకతో పట్టేసుకుని వెలిగిపోతాయి. ముందే ఆ రిసెప్టర్లను ఉత్త యాంటీబాడీతో మూసేస్తే తప్ప నమ్మడానికి లేదు. చచ్చిన కణాల సంగతి మరీ అన్యాయం. వాటికి ఏ యాంటీబాడీ అయినా ఒకటే, అన్నీ అంటుకుంటాయి. అందుకే చచ్చిన కణాలను పట్టే రంగు ఒకటి వేరుగా వేసి, వాటిని లెక్క నుంచి ముందే తీసేస్తాం.

నాలుగోది అన్యోన్యాభావం. ఫ్లోరెసిన్ వెలుగు ప్రధానంగా పచ్చన, కానీ దాని అంచు నారింజ రంగు వైపు పాకుతుంది. ఫైకోఎరిత్రిన్ కోసం పెట్టిన డిటెక్టరులో ఫ్లోరెసిన్ కూడా కొంత పడుతుంది. ఇది అది కాదు అని యంత్రానికి మనం చెప్పకపోతే, ఒకటే రిసెప్టర్ ఉన్న కణానికి రెండు రిసెప్టర్లు ఉన్నట్టు చూపిస్తుంది. అందుకని ఒక్కో రంగునూ విడిగా పెట్టి, పొరుగు డిటెక్టరులో ఎంత పడుతోందో కొలిచి, ఆ మేరకు తీసేయాలి. దీన్ని కాంపెన్సేషన్ అంటాం. పది రంగులు కలిపి వాడితే ఎవరి వెలుగు ఎవరిదో తేల్చే ఆ లెక్క పెద్దదవుతుంది. అప్పుడు అన్ని రంగులూ వేసి, అనుమానం ఉన్న ఒక్కదాన్ని మాత్రం వదిలేసిన ట్యూబును కూడా పెడతాం. ఆ ట్యూబులో కణాలు ఎక్కడి దాకా విస్తరిస్తాయో అక్కడ గీత గీస్తాం. ఆ గీతకు ఇవతల నెగెటివ్, అవతల పాజిటివ్. గీత ఎక్కడ గీయాలో నిర్ణయించేది ఇప్పటికీ మనిషే. అందుకే ఒకే ప్లాటు మీద ఇద్దరు డాక్టర్లు వేర్వేరు అంకెలు చెప్పిన రోజులూ ఉన్నాయి.

అత్యంతాభావం మాత్రం మా నేస్తం. మామూలు బీ కణం మీద సీడీ3 ఉండదు, ఉండబోదు. సాధారణంగా ప్రతి నెత్తుటి నమూనాలోనూ బీ కణాలుంటాయి కాబట్టి, సీడీ3 వెలుగు వాటి మీద కూడా పడుతోందంటే ఎక్కడో తప్పు జరుగుతోందని అవే హెచ్చరిస్తాయి. ఖచ్చితంగా లేదని తెలిసిన చోటు ఒకటి చేతిలో ఉండటం ఎంత ధైర్యమో ఈ పని చేసేవాళ్లకే తెలుసు.

ఈ నాలుగు రకాలకూ అందనిది ఒకటి ఈమధ్య ఎక్కువవుతోంది. మందులే యాంటీబాడీలైన కాలం ఇది. మైలోమా రోగులకు ఇచ్చే డారటుముమాబ్ అనే మందు సీడీ38ని పట్టుకునే యాంటీబాడీ. మందు వాడుతున్న రోగి నెత్తురు మా దగ్గరికి వస్తుంది. సీడీ38 కోసం మా యాంటీబాడీ వెళ్లేసరికి, ఆ చోట అప్పటికే మందు కూర్చుని ఉంటుంది. తెర మీద సీడీ38 లేదు. రోగం పోయిందా, గుర్తు కప్పబడిందా? సీడీ38 మీద వేరే చోట్లను పట్టే యాంటీబాడీలో, సీడీ138 లాంటి మరో గుర్తో వాడి చూస్తే తప్ప తెలియదు. రోగి ఏం మందు వాడుతున్నాడో నమూనా కాగితం మీద రాయండని మేం డాక్టర్లను ప్రాధేయపడేది ఇందుకే.

దీన్ని మించిన కేసును పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2018లో బయటపెట్టారు. బీ కణ ల్యూకేమియాకు ఇచ్చే కార్-టీ వైద్యంలో, రోగి టీ కణాలకు సీడీ19ని పట్టుకునే కృత్రిమ రిసెప్టర్ జన్యువును ఎక్కించి తిరిగి ఒంట్లోకి పంపుతారు. మన దేశంలో 2023లో అనుమతి వచ్చిన నెక్స్‌కార్19 కూడా ఈ సీడీ19నే వెతుక్కుంటూ పోతుంది. ఆ రోగి విషయంలో టీ కణాలకు ఎక్కాల్సిన జన్యువు పొరపాటున ఒకే ఒక్క ల్యూకేమియా కణానికి కూడా ఎక్కింది. దాంతో ఆ కణం తన సీడీ19ని తన కృత్రిమ రిసెప్టర్‌తో తనే పట్టుకుని కప్పేసుకుంది. వెతికే టీ కణాలకూ కనపడలేదు, ఫ్లోలో వేసిన యాంటీబాడీకీ కనపడలేదు. ఆ ఒక్క కణమే పెరిగి పెరిగి జబ్బును తిరిగి తెచ్చింది. అక్కడ ‘సీడీ19 నెగెటివ్’ అన్న మాట అబద్ధం కాదు, నిజమూ కాదు. యంత్రం చూసిందే చెప్పింది, కానీ ఆ రోజు దాని చూపుకు యోగ్యత లేదు.

అన్నంభట్టును, కుమారిలుడిని తీసుకొచ్చి లేజరు ముందు నిలబెట్టి మనవాళ్లకు అన్నీ ముందే తెలుసని చెప్పాలని నాకు లేదు. వాళ్లకు రిసెప్టరూ తెలియదు, టీ కణమూ తెలియదు. కానీ వాళ్లు పట్టుకున్న ప్రశ్న అసలైనది. చూసినదాన్ని గురించి అందరూ వాదించుకుంటారు. చూడనిదాన్ని గురించి మాట్లాడే హక్కు ఎప్పుడు వస్తుందని అడిగినవాళ్లు తక్కువ. ఆ ప్రశ్న వేయని యంత్రానికి ఎన్ని లేజర్లున్నా ఒకటే, ఎన్ని రంగులున్నా ఒకటే.

మీకో, మీ వాళ్లకో ఎప్పుడైనా ఏదో ఒక పరీక్షలో ‘నెగెటివ్’ అని రిపోర్టు వస్తే సంతోషించండి, తప్పేమీ లేదు. మంచి ల్యాబులు కంట్రోళ్లు పెట్టకుండా ఆ మాట రాయవు. ఐనా ఒంట్లో బాధ తగ్గకపోతే మొహమాటపడకుండా డాక్టరుగారిని మూడు విషయాలు అడగండి. ఈ పరీక్ష వెతికింది దేన్ని? మేం వాడుతున్న మందేదైనా దాన్ని కప్పేస్తుందా? జబ్బు తప్పకుండా ఉన్న నమూనాలో ఇదే పరీక్ష జబ్బు ఉందని చూపించిందా? మూడోదానికి జవాబు లేకపోతే ఆ రిపోర్టును పక్కన పెట్టి పరీక్ష మళ్లీ చేయించండి. ఉన్నచోట ఉందని చెప్పలేని పరీక్షకు, లేనిచోట లేదని చెప్పే అధికారం లేదు.